గురి తప్పిందా, గుణం చెడిందా? తరగతి గదిలో గ్రీకు ట్రాజెడీ

మా మేనకోడలు టెక్సస్‌లో పదో తరగతి చదువుతోంది. మొన్నామధ్య వీడియో కాల్లో ఒక కాగితం కెమెరాకి అడ్డంగా పట్టుకుని, "మామయ్యా, ఇక్కడ కోపం అని రాయాలా, పొగరు అని రాయాలా? ఒక్కటే లైను ఇచ్చారు" అంది. స్కూల్లో ఇచ్చిన వర్క్‌షీట్ అది. పైన గ్రీకు కవి సోఫోక్లీస్ నాటకం 'ఈడిపస్ రాజు' పేరు. కింద ప్రశ్న: నాయకుడి పతనానికి కారణమైన లోపం ఏమిటి? దాని పక్కన జానెడు గీత.

ఆ గీత దగ్గర తికమకపడేది మా పిల్ల ఒక్కతే కాదు. అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాల్లో తొమ్మిది, పది తరగతులకి మచ్చుగా చూపిన రచనల్లో ఈ నాటకం ఉంది. బ్రిటన్‌లో ఎ-లెవెల్ పిల్లలు ప్రాచీన నాగరికతల సబ్జెక్టు తీసుకుంటే అందులో గ్రీకు నాటకరంగాన్ని ఒక భాగంగా ఎంచుకోవచ్చు. ఇటలీలో 'లిచేయో క్లాసికో' అనే రకం బడుల్లో గ్రీకు మూలమే ముందు పెడతారు. మన దగ్గర మాత్రం ఇంగ్లీషు సాహిత్యంలో డిగ్రీకో పీజీకో వెళ్తే తప్ప ఈ నాటకాలు ఎదురుపడవు. అందుకే అక్కడి పిల్లలు అడిగితే ఇక్కడి పెద్దవాళ్లం నీళ్లు నములుతాం.

చిక్కంతా ఎక్కడ మొదలైందంటే, నాటకాలు రాసింది ఒకళ్లు, వాటికి లక్షణాలు చెప్పింది వందేళ్ల తర్వాత ఇంకొకరు, ఆ లక్షణాలకి అర్థాలు చెప్పింది రెండు వేల ఏళ్ల తర్వాత వేరొకరు. పిల్లల చేతిలోకి వచ్చేసరికి ఆ మూడూ కలిసిపోయి ఒకే పాఠం అయ్యాయి.

పాఠ్యపుస్తకం కాకముందు అదొక జాతర

క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో ఏథెన్స్‌లో ఏటా వసంతంలో డయోనైసస్ దేవుడి పేరున పెద్ద ఉత్సవం జరిగేది. ద్రాక్షసారాకీ, పూనకానికీ దేవుడాయన. ఊరేగింపులు, బలులు అయ్యాక నాటకాల పోటీ. ముగ్గురు కవులు బరిలో దిగేవారు. ఒక్కొక్కరూ మూడు ట్రాజెడీలు, వాటి వెనకే 'సాటిర్' నాటకమనే అల్లరి ఆట ఒకటి ప్రదర్శించాలి. కోరస్‌కి, అంటే బృందంగా పాడి ఆడేవాళ్లకి, వేషాలు, శిక్షణ, తిండి ఖర్చు ఊళ్లో ఒక ధనవంతుడు భరించాలి. అది ఆయన సరదా కాదు, నగరం అప్పజెప్పిన బాధ్యత. పది తెగల నుంచి చీటీలు తీసి పదిమంది న్యాయనిర్ణేతలని ఎంచేవారు.

వేదిక అక్రోపొలిస్ కొండకి దక్షిణపు వాలులో, ఆరుబయట. ఆట పట్టపగలు. మాట్లాడే నటులు ముగ్గురే, అందరూ మగవాళ్లే. మాస్కులు మార్చుకుంటూ ఆ ముగ్గురే అన్ని పాత్రలూ వేసేవారు. ఎదుట గుండ్రటి నేల మీద పన్నెండు మందో పదిహేను మందో కోరస్ పాడుతూ ఆడుతూ ఉండేది. వెనక ఒక కట్టడం, దానికో పెద్ద తలుపు. హత్యలు, ఆత్మహత్యలు సాధారణంగా ఆ తలుపు లోపలే జరుగుతాయి. ఎవరో ఒక సేవకుడు బయటికొచ్చి జరిగింది చెప్తాడు. కావాలంటే చక్రాల బల్ల మీద శవాన్ని బయటికి తోస్తారు.

ఈస్కిలస్, సోఫోక్లీస్, యూరిపిడిస్ ముగ్గురూ కలిసి రాసినవాటిలో పూర్తిగా మిగిలినవి ముప్ఫై పైచిలుకు మాత్రమే. సోఫోక్లీస్ ఒక్కడే 120కి పైగా రాస్తే మనకి దక్కినవి 7. ఇవాళ లోకమంతా నెత్తిన పెట్టుకునే 'ఈడిపస్ రాజు'కి ఆ ఏడాది మొదటి బహుమతి రాలేదని, ఈస్కిలస్ మేనల్లుడు ఫిలోక్లీస్ అది ఎగరేసుకుపోయాడని ప్రాచీన వ్యాఖ్యాతలు రాశారు. ఫిలోక్లీస్ నాటకం ఒక్కటి కూడా మిగల్లేదు.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే విడగొట్టేస్తే పోతుంది. 'ఈడిపస్ రాజు', 'కొలోనస్‌లో ఈడిపస్', 'యాంటిగనీ' మూడూ ఒకే అట్ట కింద అమ్ముతారు కాబట్టి అది మూడు భాగాల కథ అనుకుంటారు. కథ వరసలో చివరిదైన 'యాంటిగనీ'ని ఆయన అన్నిటికన్నా ముందు, క్రీ.పూ. 441 ప్రాంతంలో రాశాడు. 'ఈడిపస్ రాజు' సుమారు 429 నాటిది. 'కొలోనస్' కవి చనిపోయాక 401లో వేదికెక్కింది. ఈడిపస్ బావమరిది క్రియాన్ ఈ నాటకాల్లో వస్తాడు, ఒక నాటకంలో క్రియాన్ ఇంకో నాటకంలో క్రియాన్‌లా లేడేమిటని పిల్లలు అడుగుతారు. ఉండక్కర్లేదు.

'విషాదాంతం' అనే మాటతో వచ్చిన తంటా

ట్రాజెడీని తెలుగులో విషాదాంత నాటకం అంటాం. చివర్లో ఎవరో చచ్చిపోవాలి, లేకపోతే ట్రాజెడీ కాదని దాంతోనే మన బుర్రల్లో స్థిరపడింది. గ్రీకులకి అలాంటి నియమం లేదు. ఈస్కిలస్ క్రీ.పూ. 458లో ప్రదర్శించిన 'ఒరెస్టియా' వరస హత్యలతో మొదలై, కోర్టులో విచారణ జరిగి రాజీతో ముగుస్తుంది. యూరిపిడిస్ 'హెలెన్', 'అయాన్' సుఖాంతాలే. అయినా అవి ట్రాజెడీలే, ఎందుకంటే ఆ ఉత్సవంలో, ఆ కోవలో ఆడారు. ట్రాజెడీ అన్న గ్రీకు మాటకి మూలార్థం 'మేకపాట'. మేక ఎందుకొచ్చిందో పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

ముగింపుని పక్కన పెట్టి చూస్తే వీటన్నిటిలోనూ కనిపించేది ఒక బిగువు: మనిషి తనకి తెలిసినంతలో ఒక నిర్ణయం తీసుకుంటాడు, ఆ తెలిసినది చాలదు.

వర్క్‌షీట్‌లోని మాటలు ఎవరివి?

అరిస్టాటిల్‌వి. క్రీ.పూ. 335 ప్రాంతంలో, అంటే 'ఈడిపస్ రాజు' ఆడిన సుమారు వందేళ్లకి, ఆయన కవిత్వం గురించి చెప్పిన పాఠాల నోట్సు లాంటిదే 'పొయెటిక్స్'. ముక్కలు ముక్కలుగా, బిగించి రాసినట్టుగా ఉంటుంది. దాంట్లో నుంచే హమార్షియా, కథార్సిస్, పెరిపెటియా, అనగ్నోరిసిస్ అనే మాటలు వచ్చాయి (వీటి అర్థాలు ఒక్కొక్కటే కింద చూద్దాం). ఈయన పాత నాటకాలని చూసి, అందులో తనకి నచ్చినవి ఎలా పనిచేశాయో చెప్పాడు. సోఫోక్లీస్ ఈ పుస్తకం ముందు పెట్టుకుని రాయలేదు. మన లాక్షణికులు ముందు పుట్టారా, కావ్యాలు ముందు పుట్టాయా అంటే ఏం చెప్తామో ఇదీ అంతే.

ఆయన చెప్పనివి కూడా ఆయన ఖాతాలో పడ్డాయి. 'మూడు ఐక్యాలు' అని ఒకటి నేర్పుతారు: ఒకే కథ, ఒకే రోజు, ఒకే చోటు. కథ ఒకటిగా ఉండాలని ఆయన గట్టిగా చెప్పాడు. ట్రాజెడీ వీలైనంతవరకు ఒక రోజుకి సరిపడా ఉంటుందని ఒక మాట అన్నాడు. చోటు సంగతి ఎత్తనేలేదు. దాన్ని 1570లో ఇటలీ పండితుడు కాస్టెల్వెత్రో నియమం చేశాడు. 'హ్యూబ్రిస్' కూడా అంతే. తరగతిలో దాన్ని గర్వం అని చెప్పి ప్రతి నాయకుడికీ అంటిస్తారు. ఏథెన్స్‌లో అది నేరం పేరు. ఎదుటివాణ్ణి కొట్టో తిట్టో అవమానించి, ఆ అవమానంలో సంతోషం పొందడం హ్యూబ్రిస్. దాని మీద కేసు వేయొచ్చు. ట్రాజెడీ నాయకుడికి అది ఉండాలని 'పొయెటిక్స్' ఎక్కడా చెప్పదు.

హమార్షియా: బాణం వేసేవాళ్ల మాట

ఆ జానెడు గీత పుట్టింది ఈ ఒక్క మాట నుంచే. 'పొయెటిక్స్' పదమూడో అధ్యాయంలో అరిస్టాటిల్ ఒక లెక్క వేస్తాడు. మహా మంచివాడు పడిపోతే చూసేవాళ్లకి కడుపు రగులుతుంది తప్ప జాలి రాదు. దుర్మార్గుడు పడిపోతే సంతోషిస్తాం. కాబట్టి ఈ రెంటికీ మధ్యవాడు, మనలాంటివాడు, దుష్టత్వం వల్ల కాకుండా ఏదో ఒక 'హమార్షియా' వల్ల పడిపోవాలి. ఉదాహరణగా ఆయన చెప్పిన పేర్లలో ఈడిపస్ ఉన్నాడు.

హమార్షియాకి మూలమైన క్రియాపదానికి అర్థం గురి తప్పడం. బాణమో బల్లెమో విసిరితే తగలాల్సిన చోట తగలకపోవడం. పొరపాటు, తప్పిదం అనే అర్థాలు దాన్నుంచే వచ్చాయి. స్వభావంలో ఉన్న లోపం అనాలంటే వేరే మాటలున్నాయి. పైగా అదే వాక్యంలో దుష్టత్వం కాదని ఆయనే తోసిపుచ్చాడు.

మరి లోపం ఎక్కణ్ణుంచి వచ్చింది? నాలుగైదు వందల ఏళ్లు గడిచేసరికి కొత్త నిబంధన గ్రీకులో ఇదే మాట పాపానికి స్థిరపడింది. మన తెలుగు బైబిల్లో 'పాపము' అని కనిపించే చోట్ల గ్రీకులో ఎక్కువగా ఉండేది హమార్షియానే. ఆ చెవితో అరిస్టాటిల్‌ని వింటే పతనం అంటే శిక్షలాగే వినిపిస్తుంది. ఇంకోవైపు షేక్స్‌పియర్. 1904లో ఇంగ్లీషు విమర్శకుడు ఎ.సి. బ్రాడ్లీ షేక్స్‌పియర్ ట్రాజెడీల మీద అచ్చువేసిన ఉపన్యాసాలు బడుల్లో, కాలేజీల్లో బాగా నాటుకున్నాయి. నాయకుడి గొప్పతనంలోనే అతన్ని కూల్చే గుణం దాగి ఉంటుందని ఆయన చూపించాడు. మాక్‌బెత్ ఆశకీ ఒథెల్లో అనుమానానికీ అది చక్కగా అతుకుతుంది. అదే కొలబద్ద పట్టుకెళ్లి ఈడిపస్‌కి పెట్టారు. మాక్‌బెత్‌కి తను చంపుతున్నది రాజునని తెలుసు. ఈడిపస్‌కి తెలీదు. కొలబద్ద విరిగేది అక్కడే.

దశరథుడి బాణం

ఈ తేడా తెలుగువాళ్లకి చెప్పడం తేలిక, మనకి శ్రవణకుమారుడి కథ ఉంది కాబట్టి. చీకట్లో నీళ్లు ముంచుకుంటున్న చప్పుడు వింటాడు దశరథుడు. ఏనుగు తొండంతో నీళ్లు తాగుతోందనుకుని శబ్దభేది వేస్తాడు. బాణం సరిగ్గా చప్పుడు వచ్చిన చోటే దిగుతుంది. ఆ బాణం గురి తప్పలేదు, గురి తప్పింది దశరథుడు. అక్కడున్నది ఏనుగు కాదు, గుడ్డి తల్లిదండ్రుల కోసం కుండ ముంచుకుంటున్న కుర్రవాడు.

ఇది హమార్షియా. ఇందులో దశరథుడి గుణం ఏదైనా చెడిందా? వాల్మీకి రామాయణంలో ఆయనే చనిపోయే ముందు కౌసల్యకి ఈ కథ చెప్పుకుంటూ, కుర్రతనంలో ఆ విద్య మీద తనకున్న మోజుని తలుచుకుంటాడు. లోపం వెతికేవాళ్లకి అదిగో ఆధారం దొరికింది. కానీ ఆ మోజున్న విలుకాళ్లు ఎంతమందో ఉండొచ్చు, వాళ్లంతా పిల్లవాణ్ణి చంపలేదు. మోజు వల్ల బాణం వేశాడు. చీకటి వల్ల, ఏనుగనుకోవడం వల్ల హంతకుడయ్యాడు. ఈ రెండు 'వల్ల'లనీ వేరు చేసి చూడగలిగితే గ్రీకు ట్రాజెడీ మీద సగం పాఠం అయిపోయినట్టే.

ఒక్క సన్నివేశం దగ్గరగా: కొరింత్ నుంచి వచ్చిన మంచి వార్త

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. థీబ్స్ రాజు లాయస్‌కి, నీ కొడుకే నిన్ను చంపుతాడని దైవవాణి. పుట్టిన బిడ్డ చీలమండలు గుచ్చి కొండలో వదిలేయమని గొర్రెలకాపరికి ఇస్తారు. కాపరి జాలిపడి కొరింత్ నుంచి వచ్చిన ఇంకో కాపరికి ఇచ్చేస్తాడు. బిడ్డ కొరింత్ రాజు ఇంట పెరుగుతాడు. పెద్దయ్యాక ఒక విందులో తాగినవాడొకడు, నువ్వు వాళ్ల సొంత కొడుకువి కాదు అంటాడు. ఈడిపస్ దైవవాణి వినిపించే డెల్ఫీ గుడికి వెళ్లి అడిగితే, తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావని సమాధానం. అది జరగకూడదని కొరింత్ వదిలేసి నడుస్తుంటే, మూడు దారుల కూడలిలో ఒక ముసలాయన బండి మీంచి ముల్లుకర్రతో నెత్తిన కొడతాడు. ఈడిపస్ తిరగబడి చంపేస్తాడు. తర్వాత థీబ్స్‌ని పీడిస్తున్న సింహనారి (స్ఫింక్స్) అనే రాక్షసి పొడుపుకథ విప్పి, రాజై, విధవ రాణి జొకాస్టాని పెళ్లాడతాడు. ఆ ముసలాయనే లాయస్ అని, జొకాస్టా తన కన్నతల్లి అని అతనికి తెలీదు.

నాటకంలో ఇవేవీ మన కళ్ల ముందు జరగవు. తెర లేచేటప్పటికే అన్నీ అయిపోయాయి (తెర లేదనుకోండి). ఊళ్లో తెగులు. లాయస్‌ని చంపినవాణ్ణి వెళ్లగొడితే తప్ప పోదని డెల్ఫీ మాట. ఈడిపస్ ఆ హంతకుణ్ణి శపించి వెతకడం మొదలుపెడతాడు. తెగులుకి కారణంగా గ్రీకులు చెప్పే మాట 'మియాస్మా'. మన 'మైల'కి దగ్గర. మైల తెలిసి తాకావా తెలియక తాకావా అని అడగదు.

ఇక సన్నివేశం. కొరింత్ నుంచి ఒక ముసలి దూత వస్తాడు. అక్కడి రాజు పోయాడు, ఈడిపస్‌ని రాజుగా రమ్మంటున్నారు. జొకాస్టాకి ప్రాణం లేచొస్తుంది: తండ్రిని చంపుతావన్నారు, ఆయన మంచాన పడి పోయాడు. అయినా ఈడిపస్‌కి ఒక భయం మిగిలింది, తల్లి ఇంకా బతికే ఉంది కదా. దూత ఆ భయం కూడా తీర్చేద్దామనుకుంటాడు. బాబూ, ఆమె నీ కన్నతల్లి కాదు, నిన్ను ఈ చేతులతోనే తెచ్చిచ్చాను అంటాడు. సంతోషపెట్టడానికే అన్నాడు, మంచి బహుమానం దొరుకుతుందన్న ఆశ కూడా ఉంది. ఆ మాట పూర్తయ్యేసరికి జొకాస్టాకి అంతా అర్థమైపోయింది. ఇక అడగొద్దని బతిమాలుతుంది. ఈడిపస్ వినడు. ఆమె లోపలికి వెళ్లిపోతుంది.

వెలుగు తెస్తాననుకున్న మాటే చీకటి తేవడం పెరిపెటియా. తెలియనిది తెలిసిరావడం అనగ్నోరిసిస్. రెండూ ఒక్క దెబ్బలో జరిగితే అన్నిటికన్నా మేలైన కథ అంటూ అరిస్టాటిల్ ఈ దూతనే చూపిస్తాడు.

నాకు ఈ నాటకంలో అన్నిటికన్నా వింతగా తోచేది వేరొకటి. లాయస్‌ని చంపింది దొంగల గుంపు అని అప్పట్లో తప్పించుకున్న మనిషి చెప్పాడు. గుంపు అయితే నేను కాదు, ఒక్కడికి ఒకడే సమానం కాని ఒకడు పదిమందికి సమానం కాడు కదా అని ఈడిపస్ ఆశంతా ఆ బహువచనం మీద పెట్టుకుంటాడు. ఆ మనిషిని పిలిపిస్తాడు. బిడ్డని కొండలో వదలమని అప్పజెప్పిన కాపరీ అతనే. అతను వచ్చేలోగా దూత కథ చెప్పాడు. తీరా వచ్చాక ఈడిపస్ అడిగేది బిడ్డ సంగతి. చంపింది ఒకడా పదిమందా అనే ప్రశ్న ఎవరూ అడగరు. హంతకుడెవరన్న విచారణ నేనెవరన్న విచారణగా మారిపోయింది, ఎవరూ గమనించలేదు.

సరే, ఆ కోపం మాటేమిటి?

లోపం అని చెప్పే టీచర్లని తీసిపారేయడానికి లేదు. నాటకంలో ఈడిపస్ ముక్కోపి అన్నది నిజమే. గుడ్డి జ్యోతిష్కుడు టైరీసియస్ నిజం చెప్పనంటే తిడతాడు, చెప్తే కుట్ర అంటాడు. బావమరిది క్రియాన్‌కి మరణశిక్ష వేయబోతాడు. చివరికి ముసలి కాపరి చేతులు వెనక్కి విరిపిస్తాడు. హమార్షియా అనే మాట గ్రీకులో విశాలమైనదని, తొందరపాటు వల్ల వచ్చే పొరపాట్లు కూడా అందులోకి వస్తాయని వాదించే పండితులు ఇవాళ కూడా ఉన్నారు. పైగా పదిహేనేళ్ల పిల్లలు నాటకంలోకి దిగాలంటే పట్టుకోవడానికి ఒక కొక్కెం కావాలి. ఇతని స్వభావం ఏమిటి అన్న ప్రశ్న అలాంటి కొక్కెమే. స్వభావం, కథ రెండూ ఎలా పెనవేసుకున్నాయో పాఠంలోని మాటల ఆధారంతో చూపమనడం తప్పేమీ కాదు.

అటు ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు ప్రొఫెసర్‌గా ఉన్న ఇ.ఆర్. డాడ్స్ 1966లో ఒక వ్యాసం అచ్చువేశాడు. డిగ్రీ పిల్లల జవాబుపత్రాలు దిద్ది దిద్ది విసిగి రాసినది. పిల్లలు మూడు గుంపులు. ఈడిపస్ చెడ్డవాడు కాబట్టి అనుభవించాడు అనేది మొదటిది. అంతా విధి, మనుషులు తోలుబొమ్మలు అనేది రెండోది. సోఫోక్లీస్‌కి ఈ గొడవ పట్టదు, మంచి థ్రిల్లర్ రాశాడంతే అనేది మూడోది. మూడూ తప్పే అన్నాడాయన. కోపం సంగతి చూద్దాం: టైరీసియస్ మీద అరిచేనాటికే తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడటం అయిపోయాయి. కాలక్రమంలో తర్వాత వచ్చిన కోపం ముందు జరిగినదానికి కారణం ఎలా అవుతుంది? కూడలిలో చూపిన కోపం ఉందిగా అంటే, ముందు దారిలోంచి నెట్టింది అవతలివాళ్లు, ముల్లుకర్రతో నెత్తిన కొట్టింది ముసలాయన. ప్రాణం కాపాడుకోవడానికి చంపితే ఏథెన్స్ న్యాయం దాన్ని హత్యగా చూడదు.

తోలుబొమ్మ వాదం ఇంకా ఎక్కువ వినిపిస్తుంది, మన కర్మ సిద్ధాంతంతో కలిపి చెప్పేస్తే పని సులువు కాబట్టి. దైవవాణి చెప్పింది ఏం జరుగుతుందో. విచారణ జరిపి తీరాలని, కాపరిని పిలిపించాలని, చివరికి కళ్లు పొడుచుకోవాలని ఏ దేవుడూ చెప్పలేదు. వేదిక మీద మనం చూసే ప్రతి పనీ ఈడిపస్ తానై చేసిందే. మధ్యలో ఆపేసే వీలు ఎన్నిసార్లు వచ్చినా ఆపలేదు. అలా చూస్తే అతన్ని కూల్చింది అతనిలోని మంచి గుణం, నిజం తెలుసుకోవాలన్న పట్టుదల. ఇక గీత మీద 'పట్టుదల' అని రాస్తే టీచరు మార్కు వేస్తారా అన్నది వేరే సంగతి.

'యాంటిగనీ'లో ఈ లెక్క ఇంకా తిరగబడుతుంది

ఈడిపస్ కొడుకులిద్దరూ యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్నారు. ఊరి తరఫున పోరాడినవాడికి అంత్యక్రియలు, ఊరి మీదకి దండెత్తినవాడి శవం కుక్కలకీ గద్దలకీ అని కొత్త రాజు క్రియాన్ ఆజ్ఞ. చెల్లెలు యాంటిగనీ ఆ శవం మీద మట్టి చల్లుతుంది, దొరుకుతుంది, సజీవ సమాధికి పంపుతారు.

దీంట్లో ట్రాజెడీ ఎవరిది? పేరు ఆమెది. కానీ తెలియక చేసిన పొరపాటు ఆమెది కాదు, అన్నీ తెలిసే చేసింది. తిరగబడ్డం, తెలిసిరావడం జరిగేది క్రియాన్‌కి. రెండు వైపులా న్యాయం ఉందని, రెండు న్యాయాల ఢీయే ట్రాజెడీ అని జర్మన్ తత్వవేత్త హెగెల్ వాదం. ఇంటి ధర్మం ఒకవైపు, రాజ్య ధర్మం ఒకవైపు. తరగతిలో చర్చ పెట్టడానికి ఇంతకన్నా వాటం లేదు. ఏథెన్స్‌లో కూడా ద్రోహులని స్వదేశపు మట్టిలో పూడ్చనిచ్చేవారు కాదు, కాబట్టి క్రియాన్ మాట మొదట్లో చూసేవాళ్లకి మరీ వింతగా ఉండి ఉండదు. అయితే పొలిమేర అవతల పూడ్చుకోవడానికి కూడా వీల్లేదనడం, చివరికి దేవతలే కాదన్నారని టైరీసియస్ చెప్పడం చూస్తే, నాటకం రెండు పళ్లాలనీ సమానంగా పట్టుకుందా అన్నది అనుమానమే.

హమార్షియాని వేలుపెట్టి చూపించే చోటు ఇందులో ఒకటుంది. మనసు మారిన క్రియాన్ ఏం చేయమంటారని అడిగితే కోరస్ పెద్దలు, ముందు అమ్మాయిని విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు అంటారు. ఆయన ముందు శవం దగ్గరికి వెళ్తాడు. కడిగి, దహనం చేసి, దిబ్బ పోసి, అప్పుడు గుహకి వెళ్తాడు. అప్పటికి యాంటిగనీ ఉరి పోసుకుంది. ఆమెని చేసుకోబోయిన సొంత కొడుకు హైమన్ తండ్రి కళ్ల ముందే పొడుచుకున్నాడు. ఆ వార్త విని తల్లీ పోయింది. పనుల వరస తారుమారు చేయడం ఏ గుణలోపం?

ఈ నాటకం తరగతి గదికన్నా గట్టి చోట్ల కూడా చదివారు. 1944లో జర్మన్ల చేతిలో ఉన్న పారిస్‌లో ఫ్రెంచి నాటకకర్త జాఁ అనూయ్ తిరగరాసిన యాంటిగనీ ఆడింది. దక్షిణాఫ్రికాలో రాబెన్ దీవి జైల్లో ఖైదీలు వేసినప్పుడు క్రియాన్ వేషం నెల్సన్ మండేలాది.

కథ ముందే తెలిస్తే చూడటం ఎందుకు?

పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఏథెన్స్ జనానికి ఈడిపస్ ఎవరో పుట్టినప్పటి నుంచి తెలుసు. కృష్ణుడి రాయబారం ఫలించదని తెలియని తెలుగు ప్రేక్షకుడు ఎవరున్నారు? అయినా తిరుపతి వెంకట కవుల పద్యాలకి తెల్లవార్లూ కూర్చుని వన్స్ మోర్ కొట్టారు. ఏం జరుగుతుందన్న ఉత్కంఠ పోయిన చోట ఇంకో ఉత్కంఠ వస్తుంది. హంతకుణ్ణి శపిస్తున్నప్పుడు ఈడిపస్‌కి తెలియనిది మనకి తెలుసు, నోరు తెరిచి చెప్పలేం.

చూశాక మనకేమవుతుంది అన్నదానికి అరిస్టాటిల్ జవాబు కథార్సిస్. జాలి, భయం పుట్టించి వాటి కథార్సిస్ జరిపిస్తుందని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాడు. విరేచనంలాగా ఆ భావాలు బయటికి పోతాయని వైద్యం వైపు నుంచి కొందరు, ఆ భావాలే శుద్ధి అవుతాయని నీతి వైపు నుంచి కొందరు, జాలిపడాల్సింది దేనికో స్పష్టమవుతుందని జ్ఞానం వైపు నుంచి కొందరు అర్థం చెప్పారు. దుఃఖం చూసి ఆనందం ఎలా వస్తుందన్న ప్రశ్నకి మన రస సిద్ధాంతం కూడా శతాబ్దాలు వెచ్చించింది. రెండూ ఒకటే అనేస్తే సులువుగా ఉంటుంది గాని, కాదు. రసం వేదిక మీది భావం ఎలా ఆస్వాదన అవుతుందో చెప్తుంది. అరిస్టాటిల్ దృష్టంతా కథ అల్లిక మీద.

అనువాదం మారితే నాటకం మారుతుంది

చాలామంది పిల్లలు చదివేది గ్రీకు కాదు, అనువాదం. 'యాంటిగనీ'లో మనిషిని కొనియాడే కోరస్ పాట మొదట్లోనే 'దైనా' అనే మాట వస్తుంది. లోకంలో దైనా ఎన్నో ఉన్నాయి, మనిషిని మించింది లేదని భావం. ఒక అనువాదం దాన్ని అద్భుతం అంటుంది, ఇంకోటి భయంకరం అంటుంది. మూలంలో రెండూ ఉన్నాయి. "వాడివి భయంకరమైన తెలివితేటలురా" అని మనమన్నప్పుడు మెచ్చుకుంటున్నామో జంకుతున్నామో మనకే తెలియదు చూడండి, ఆ మాటకి ఆ రుచి ఉంది. అద్భుతం అని చదివిన తరగతి ఈ పాటని మానవుడికి జేజేలనుకుంటుంది. భయంకరం అని చదివిన తరగతి హెచ్చరిక అనుకుంటుంది.

కోరస్ పాటలని చాలా చోట్ల టైం లేదని దాటేస్తారు. కోరస్ సూత్రధారుడు కాదు, కవి గొంతు కూడా కాదు. ఈ రెండు నాటకాల్లో ఊళ్లో పెద్దలు వాళ్లు. భయపడతారు, మాట మారుస్తారు, పొరబడతారు. ఈడిపస్ ఎవరో బయటపడటానికి కొద్ది క్షణాల ముందు, ఇతను ఏ దేవతకో పుట్టి ఉంటాడని వాళ్లు ఉత్సాహంగా పాడతారు. ఆ పాట తీసేస్తే తర్వాతి దెబ్బలో సగం బలం పోతుంది.

రాజమండ్రిలో ఒక హిపోలిటస్

ఇప్పటిదాకా చెప్పినదాన్ని ఇంకో కథ మీద పెట్టి చూడొచ్చు. యూరిపిడిస్ క్రీ.పూ. 428లో 'హిపోలిటస్'కి మొదటి బహుమతి అందుకున్నాడు. సవతి తల్లి ఫీడ్రా సవతి కొడుకుని మోహిస్తుంది. అతను కాదంటాడు. ఆమె అతని మీద నింద రాసిపెట్టి ఉరి పోసుకుంటుంది. తండ్రి థీసియస్ విచారించకుండా శపిస్తాడు. కొడుకు చావుబతుకుల్లో ఉండగా నిజం తెలుస్తుంది.

తెలుగువాళ్లెవరికైనా వెంటనే సారంగధరుడు గుర్తొస్తాడు. రాజరాజనరేంద్రుడు, చిత్రాంగి, ఎగిరొచ్చిన పావురం, నరికిన కాళ్లూ చేతులూ. రాజమండ్రిలో సారంగధర మెట్ట ఇప్పటికీ ఉంది. వాడుకలో ఉన్న కథలో సిద్ధుడి కృపతో అతనికి అవయవాలు తిరిగొస్తాయి. బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు పందొమ్మిదో శతాబ్దం చివర్లో దాన్ని 'విషాద సారంగధర'గా రాసి దుఃఖంతోనే ముగించాడు. తెలుగులో మొదటి ట్రాజెడీగా చాలామంది చెప్పేది దాన్నే. మరణాన్ని వేదిక మీద చూపకూడదన్న భరతుడి మాటకి అలవాటుపడ్డ చోట అది సాహసం. భాసుడి 'ఊరుభంగం'లో దుర్యోధనుడు ప్రేక్షకుల ఎదుటే ప్రాణం వదులుతాడు కాబట్టి, బొత్తిగా దారిలేని చోట వేసిన అడుగు మాత్రం కాదు.

రెండు కథల్లోనూ తండ్రి గురించి లోపం ఏమిటని అడిగితే కోపం, తొందరపాటు అని ఒక్క మాటలో తేలిపోతుంది. ఆ క్షణంలో అతనికి తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, తెలుసుకునే దారి ఉండీ ఎందుకు వెళ్లలేదు అని అడిగితే పేజీ నిండుతుంది. థీసియస్ ముందు భార్య శవం ఉంది, ఆమె చేతి రాత ఉంది. కొడుకు దగ్గర నిజం ఉంది గాని, చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. రాజమండ్రి రాజు ముందు ఏముంది? ఆ తేడా తీసి చూపిస్తే అది ఏ దేశపు బడిలోనైనా మంచి వ్యాసమే.

తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడటం, ఉరితాళ్లు పదో తరగతికి అవసరమా అని అడిగే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఆ అభ్యంతరం ఊరికే పోయేది కాదు, ఆత్మహత్యల విషయంలో ముఖ్యంగా. గ్రీకులు వాటిని తలుపు వెనక పెట్టి, మాటల్లో చెప్పించారన్నది టీచర్లకి కొంత ఆసరా.

మా మేనకోడలు ఆ గీత మీద చివరికి 'కోపం' అనే రాసింది, మార్కు పోతుందని. కింద మిగిలిన తెల్ల జాగాలో చిన్న అక్షరాలతో, దొంగలు ఎంతమందో కాపరిని ఎవరూ ఎందుకు అడగలేదు అని ఇంకో ప్రశ్న రాసింది. కాగితం తిరిగొచ్చింది. కోపానికి టిక్కు పడింది. కింది ప్రశ్న చుట్టూ టీచరు ఒక సున్నా చుట్టి, సోమవారం ఆ పేజీ మళ్లీ అందరం చదువుదాం అని రాసిందట.